కిటికీ తీయాలా, మూయాలా? సింగపూర్‌లో ఎండ, మంట, పొగ

సింగపూర్‌కు కొత్తగా వచ్చిన తెలుగువాళ్లు మొదటి ఏడాది తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ఇక్కడ ఎండలు ఎప్పుడు తగ్గుతాయి? తగ్గవు. భూమధ్యరేఖకు ఉత్తరాన సుమారు 137 కిలోమీటర్ల దూరంలో ఉన్న ద్వీపమిది. పగలు 31 నుంచి 33 డిగ్రీలు, రాత్రి 24, 25. జనవరికీ మే నెలకీ తేడా ఒకటి రెండు డిగ్రీలే. ఏడాదికి రెండు వేల మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. ఎడారికీ ఈ ఊరికీ పోలికే లేదు. రోహిణి కార్తె లేదు, వడగాడ్పు లేదు, తొలకరి కోసం ఆకాశం వంక చూడటమూ లేదు. అయినా ఎండ దెబ్బ, ఎండిన గడ్డి అంటుకునే ప్రమాదం, అడవులు తగలబడితే వచ్చే పొగ, ఈ మూడూ ఇక్కడి రోజువారీ బతుకులో ఉన్నాయి. మనకు ఇవన్నీ ఫిబ్రవరి నుంచి జూన్ లోపు ఒక్కుమ్మడిగా మీద పడతాయి. ఇక్కడ విడివిడిగా వస్తాయి. గడ్డి మంటలు ఫిబ్రవరి, మార్చిలో. ఒళ్లు ఉడికిపోయే ఉక్క ఏప్రిల్, మేలో. పొగ ఆగస్టు నుంచి అక్టోబరు దాకా.

అలా విడిగా రావడం వల్లనేమో, వీటి గురించి రాసేవాళ్లు కూడా ఎవరి దారి వారిదే అన్నట్టు రాశారు. వేడి గురించి వాతావరణ శాస్త్రజ్ఞులు, పొగ గురించి రాజకీయ, న్యాయ శాస్త్రాలు చదివినవాళ్లు, మంటల గురించి అగ్నిమాపక సిబ్బంది. ఎవరి పని వాళ్లు శ్రద్ధగానే చేశారు. అయితే ఈ మూడింటినీ ఒకే గదిలో, ఒకే ఒంటితో భరించే మనిషి వైపు నుంచి చూస్తేగానీ అసలు చిక్కు తెలియదు. ఉక్కకు కిటికీ తీయాలి. పొగకు కిటికీ మూయాలి. ఏసీ ఉన్న ఇంట్లో ఈ రెంటికీ పేచీ లేదు, తలుపులు బిగించుకుని కూర్చుంటే రెండూ బయటే ఉంటాయి. ఏసీ లేని గదిలో ఒకదాని నుంచి తప్పించుకోవాలంటే రెండోదానికి ఒళ్లు అప్పగించాలి. సింగపూర్ ఈ మూడు ప్రమాదాలకూ చాలా ఏర్పాట్లు చేసింది. వాటిని ఆ మూయలేని కిటికీ దగ్గర నిలబడి తూచి చూడటమే ఈ వ్యాసం పని.

ఆకు కప్పుల నుంచి కాంక్రీటు దాకా

నిప్పు ఈ ఊరికి ఒకప్పుడు ఇంటి సమస్యే. 1961 మే 25న, హరి రాయ హాజీ (బక్రీద్) పండగ రోజున, బుకిట్ హో స్వీ అనే బస్తీ అంటుకుంది. చెక్క గోడలు, రేకులు, అత్తాప్ అని పిలిచే నీటితాటి జాతి ఆకులతో నేసిన కప్పులు. ఇళ్లు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి. నలుగురు చనిపోయారు. సుమారు 16 వేల మందికి నిలువనీడ లేకుండా పోయింది. కోస్తా పల్లెల్లో నడివేసవి మధ్యాహ్నం తాటాకిళ్లు వరసగా తగలబడటం చూసినవాళ్లకు ఈ దృశ్యం వేరే చెప్పక్కర్లేదు. ఒక కప్పు మీద లేచిన రవ్వ నాలుగో ఇంటి మీద వాలుతుంది, ఈలోగా మధ్యనున్న మూడు ఇళ్లూ అంటుకుంటాయి.

ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హెచ్‌డీబీ అప్పటికి ఏడాది కిందటే, 1960 ఫిబ్రవరిలో, ఏర్పడింది. కాలిపోయిన బస్తీ జనానికి ఏడాది తిరగకుండానే అంతస్తుల ఇళ్లు కట్టి ఇవ్వడం మొదలుపెట్టారు. చరిత్రకారుడు లో కా సెంగ్ 2013లో ఈ అగ్నిప్రమాదం మీదే ఒక పుస్తకం రాశారు. ఆ మంట తర్వాత జరిగిన పునరావాసమే బస్తీ జనాన్ని ప్రణాళికాబద్ధమైన ఒక రాజ్యంలో పౌరులుగా మార్చిందన్నది ఆయన వాదం. ఇవాళ దేశవాసుల్లో దాదాపు ఎనభై శాతం మంది హెచ్‌డీబీ ఇళ్లలోనే ఉంటున్నారు. కప్పు అంటుకుంటుందన్న భయం వాళ్ల పిల్లలకు తెలియదు.

కాకపోతే ఆకు కప్పు వేడిని దాచుకోదు, కాంక్రీటు దాచుకుంటుంది. పగలంతా తాగిన ఎండను గోడలు రాత్రంతా వదులుతూనే ఉంటాయి. అగ్నిప్రమాదం నుంచి ఊరిని కాపాడిన కట్టడమే ఊరి రాత్రులను వేడెక్కించింది. దీన్ని తప్పు అనలేం. ఒక బస్తీలో పదహారు వేల మంది రోడ్డున పడ్డాక ఏ ప్రభుత్వమైనా కాంక్రీటే ఎంచుకుంటుంది. ఆ ఎంపికకు చెల్లించాల్సిన మూల్యం ఇప్పుడు వస్తోంది, అంతే.

ఎండిన ఫెర్న్ పొదల్లో

సింగపూర్‌లోనే రేగే మంటల గురించి క్లుప్తంగా చెప్పినా సరిపోతుంది. ఈశాన్య రుతుపవనాలు తగ్గుముఖం పట్టే ఫిబ్రవరిలో కొన్నేళ్లు వాన ముఖం చాటేస్తుంది. వరసగా పదిహేను రోజులు రోజుకు ఒక మిల్లీమీటరు కూడా పడకపోతే వాతావరణ శాఖ దాన్ని పొడి కాలంగా ప్రకటిస్తుంది. 2014లో జనవరి 13 నుంచి ఫిబ్రవరి 8 దాకా, 27 రోజులు, అలా నడిచింది. 1869 నుంచి ఉన్న రికార్డుల్లో ఆ ఫిబ్రవరి అంత పొడి నెల మరొకటి లేదు. మైదానాలు గోధుమరంగుకు తిరిగాయి. జలాశయాల మట్టం నిలబెట్టడానికి శుద్ధి చేసిన వాడుకనీటిని వాటిలోకి పంపారు.

అలాంటి రోజుల్లో అంటుకునేవి ముఖ్యంగా రెండు. దర్భను పోలిన లలాంగ్ గడ్డి ఒకటి. పాడుబడ్డ తోటల్లో, రెండోసారి మొలిచిన అడవుల అంచుల్లో నడుమెత్తున అల్లుకునే రెసామ్ అనే ఫెర్న్ రెండోది. రెసామ్ పొద పైకి పచ్చగానే కనిపిస్తుంది. కింద ఏళ్ల తరబడి రాలిన ఎండుకాడలు గుత్తులుగా పడి ఉంటాయి. ఆర్పని సిగరెట్ ముక్క ఒక్కటి చాలు. రోడ్డు లేని చోటికి ఫైరింజన్ పోలేదు కాబట్టి సిబ్బంది గొట్టాలు భుజాన వేసుకుని లోపలికి నడవాల్సి వస్తుంది. ఇళ్లు కాలిపోయేంత ప్రమాదం కాదు. నల్లమలలో ఇప్పపూల కోసం చెట్టు కింద ఆకులు తగలబెడితే రేగే మంటలతో గానీ, 2014 మార్చిలో తిరుమల చుట్టూ శేషాచలం అడవుల్లో లేచి వైమానిక దళం హెలికాప్టర్లను రప్పించిన మంటలతో గానీ దీన్ని పోల్చలేం. ఊరు చిన్నది, ఫైర్ స్టేషన్లు దగ్గర, 995కు ఫోన్ చేస్తే నిమిషాల్లో వస్తారు. ఈ సమస్య సింగపూర్ చేతిలోనే ఉంది, అదుపులోనూ ఉంది.

థర్మామీటరు చెప్పని వేడి

వేడి సంగతి అలా కాదు. 1983 ఏప్రిల్ 17న తెంగా వద్ద 37 డిగ్రీలు నమోదైంది. ఆ రికార్డు నలభై ఏళ్లు నిలిచి, 2023 మే 13న ఆంగ్ మో కియోలో సమమైంది. ఆ వారంలో చాలా బడులు యూనిఫారం బదులు ఆటల దుస్తుల్లో రావడానికి పిల్లలకు అనుమతిచ్చాయి. రెంటచింతల, రామగుండం, భద్రాచలం పేర్లు వింటూ పెరిగిన మనకు 37 ఏపాటి అనిపిస్తుంది. 2015 మేలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడదెబ్బకు రెండు వేల మందికి పైగా చనిపోయారు. అలాంటి వార్త సింగపూర్ నుంచి ఎప్పుడూ రాలేదు.

అయినా ఆ అంకెలు చూసి పోల్చడం సరికాదు. ఎండలో పనిచేసే మనిషి ఒంటి మీద పడే భారాన్ని లెక్కించడానికి డబ్ల్యూబీజీటీ అనే కొలత వాడతారు. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు చూపించే అంకెకు అందులో డెబ్బై శాతం విలువ, ఎండలో వేలాడదీసిన నల్ల గోళం లోపలి వేడికి ఇరవై శాతం, మనం రోజూ వార్తల్లో వినే మామూలు ఉష్ణోగ్రతకు పదే శాతం. చెమట ఆరుతుందా లేదా అన్నదే ప్రధానమని దీని అర్థం. గాలి పొడిగా ఉండే రామగుండంలో 44 డిగ్రీలూ, గాలి తడితో బరువెక్కిన సింగపూర్‌లోని జురాంగ్‌లో 33 డిగ్రీలూ ఈ కొలతలో ఒకదాని పక్కన ఒకటి నిలబడగలవు. జురాంగ్‌లో చెమట కారుతుంది గానీ ఆరదు. చొక్కా ఉదయం తొమ్మిదికే ఒంటికి అంటుకుపోయి సాయంత్రం దాకా అలాగే ఉంటుంది.

ఇక్కడి వేడి మీద జరిగిన పరిశోధనలో ఎక్కువ పేరొచ్చింది నగరపు వేడి దీవి మీద, అంటే చుట్టుపక్కల కంటే నగరం ఎక్కువ వేడిగా ఉండటం మీద, జరిగిన పనికి. విన్‌స్టన్ చౌ, మథియాస్ రోత్ చేసిన కొలతల్లో రాత్రిపూట ఆర్చర్డ్ రోడ్డు వైపుకీ, పొలాలూ తోటలూ ఉన్న లిమ్ చూ కాంగ్ వైపుకీ మధ్య తేడా ఏడు డిగ్రీల దాకా కనిపించింది. 2024 జనవరిలో ప్రభుత్వం విడుదల చేసిన మూడో జాతీయ వాతావరణ అధ్యయనం ఇంకొంత ముందుకు పోయింది. 35 డిగ్రీలు దాటే రోజులు గతంలో సగటున ఏడాదికి 21 ఉండేవి. శతాబ్దం చివరికి అవి 41 నుంచి 351 దాకా ఉండవచ్చని అంచనా. ఉద్గారాలు తగ్గిస్తే మొదటి అంకె, తగ్గించకపోతే రెండోది. పగటి కంటే రాత్రుల లెక్కే నన్ను ఎక్కువ కలవరపెడుతుంది. 26.3 డిగ్రీల కంటే చల్లబడని రాత్రులు ఇప్పుడు ఏడాదికి డెబ్బై పైచిలుకు. ఉద్గారాలు ఇలాగే పెరిగితే దాదాపు ప్రతి రాత్రీ అలాగే ఉండొచ్చు. పగలు ఎండలో ఒళ్లు హూనం చేసుకున్నవాడికి రాత్రి నిద్ర కూడా లేకపోతే మర్నాడు స్కాఫోల్డింగ్ మీద కాలు తడబడుతుంది.

ఏసీ మీద ఈ దేశానికి ఉన్న నమ్మకం అందరికీ తెలిసిందే. తొలి ప్రధాని లీ క్వాన్ యూ గత సహస్రాబ్దిలో గొప్ప ఆవిష్కరణగా దాన్నే ఎంచుకున్నారు. పత్రికారచయిత చెరియన్ జార్జ్ 2000లో వెలువరించిన పుస్తకానికి దేశాన్నే ఏసీ దేశం అని పేరు పెట్టారు. పది ఇళ్లలో ఎనిమిదింటికి ఏసీ ఉంది. లేనివి ఎక్కువగా ఒకటి, రెండు గదుల అద్దె ఫ్లాట్లు. లోపలి వేడిని ఏసీ బయటికి తోస్తుంది, ఆ బయట ఇంకెవరిదో కిటికీ ఉంటుంది. హెచ్‌డీబీ ఇప్పుడు భవనాల గోడలకు వేడిని తిప్పికొట్టే రంగులు వేయిస్తోంది, తెంగా కొత్త పట్టణంలో భవనాలకు కేంద్రీకృత చల్లదనపు వ్యవస్థ పెట్టింది. ఇవి మంచి పనులే. వీటి ఫలం ముందుగా ఇంటి యజమానికి అందుతుంది.

మరి ఆ ఇళ్లు కట్టినవాళ్లు? తెలుగు జిల్లాల నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా, స్కాఫోల్డింగ్ పనివాళ్లుగా వచ్చినవాళ్లు ఓడల యార్డుల్లో, తువాస్ వైపు పరిశ్రమల్లో, మెట్రో సొరంగాల పనుల్లో ఉన్నారు. 1975 నుంచి ఉన్న సింగపూర్ తెలుగు సమాజం సభల్లో కనిపించేవాళ్లలో ఉద్యోగులూ ఉంటారు, ఆదివారం ఒక్కరోజే సెలవు దొరికే ఈ కార్మికులూ ఉంటారు. వాళ్ల రోజు చీకటితోనే మొదలవుతుంది. చాలామందికి క్యాటరింగ్ భోజనం తెల్లవారకముందే వస్తుంది. అన్నం ఒక పొట్లం, పప్పో సాంబారో ముడివేసిన ప్లాస్టిక్ కవరు. దాన్ని సైటు దగ్గర కొక్కేనికి తగిలించి పనిలోకి దిగుతారు. మధ్యాహ్నం పన్నెండుకు ముడి విప్పేసరికి ఆ ఉక్కలో కూర పులిసిన వాసన వేస్తుంది. కొందరు మెతుకులు మాత్రం కడుక్కుని పచ్చడితో తింటారు. కొందరు పారేసి నీళ్లు తాగి మళ్లీ ఎక్కుతారు. వేడి గురించి నేను చూసిన నివేదికల్లో ఈ కవరుకు చోటు దొరకలేదు. ఖాళీ కడుపుతో ఉన్నవాడికే వడదెబ్బ ముందుగా తగులుతుందని మన ఇళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

2023 అక్టోబరు 24 నుంచి సింగపూర్ కార్మిక శాఖ కొత్త నిబంధనలు తెచ్చింది. బరువు పనులకు డబ్ల్యూబీజీటీ 32 చేరితే గంటకు కనీసం పది నిమిషాలు, 33 చేరితే పదిహేను నిమిషాలు నీడలో విశ్రాంతి ఇవ్వాలి. గంట గంటకూ నీళ్లు తాగించాలి. కొత్తగా వచ్చినవాళ్లకు కనీసం ఏడు రోజులు కొద్దికొద్దిగా ఎండ అలవాటు చేయాలి. పెద్ద కాంట్రాక్టుల సైట్లలో కొలత పరికరం అక్కడే ఉండాలి. మన కార్మికులు ఎక్కువగా వెళ్లే గల్ఫ్ ఎడారి దేశాలతో పోల్చితే ఈ పద్ధతి గుణదోషాలు తెలుస్తాయి. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని నిషేధం. ఖతార్ 2021లో నిషేధ వేళలను ఉదయం పది నుంచి మూడున్నర దాకా పెంచింది. అంతేకాదు, ఏ రోజైనా ఏ వేళైనా డబ్ల్యూబీజీటీ 32.1 దాటితే పని ఆపాల్సిందే.

ఏడాది పొడవునా వేడిగా ఉండే చోట క్యాలెండరు చూసి నిషేధం పెట్టడం కుదరదు. గంటగంటకూ కొలిచి నిర్ణయించడమే సరైన దారి. ఈ విషయంలో సింగపూర్ పద్ధతి ఎడారి దేశాల కంటే తెలివైనది. గీత గీసిన చోట మాత్రం మెత్తబడింది. ఖతార్‌లో పనిముట్లు కింద పెట్టాల్సిన అంకె దగ్గర ఇక్కడ గంటకు పది నిమిషాల విశ్రాంతి. 33 దాటాక ఎంత పెరిగినా పని ఆగిపోవాలన్న హద్దు లేదు. ఆ హద్దు కావాలి. అనుభవమున్న ఫోర్‌మన్ మాట మీద వదిలేయాల్సిన విషయం కాదు, ఆ ఫోర్‌మన్‌కూ గడువు ఉంటుంది.

నీళ్లలో పుట్టిన మట్టి నిప్పైతే

ఇక పొగ. ఆగస్టు వచ్చాక నైరుతి గాలి సుమత్రా మీదుగా వీస్తుంది. వాన తక్కువైన ఏడాది ఆ గాలిలో కాలిన కట్టె వాసన మొదలవుతుంది. బాల్కనీలో ఆరేసిన బట్టలకు పడుతుంది, వండిన అన్నానికీ పడుతుంది. ఎదుటి బ్లాకు మసకబారుతుంది. సరిగ్గా బతుకమ్మ, దసరా రోజులవి. పూలు పేర్చుకుని ఆరుబయట ఆడాలా వద్దా అన్నది ఇక్కడ వాన మబ్బును బట్టి కాక పీఎస్‌ఐ అనే కాలుష్య సూచీని బట్టి తేలుతుంది. 100 దాటితే అనారోగ్యకరం, 200 దాటితే మరీ అనారోగ్యకరం, 300 దాటితే ప్రమాదకరం. 1997లో అది 226కు చేరినప్పుడు జనం బెంబేలెత్తారు. 2013 జూన్ 21 మధ్యాహ్నం 401కి వెళ్లింది. 2015లో పొగ నెలల తరబడి పోలేదు. సెప్టెంబరు 25న ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలన్నీ మూశారు. 2003లో సార్స్ తర్వాత అలా మూయడం అదే మొదలు. 2019లో, 2023 అక్టోబరులో కూడా సూచీ వంద దాటింది.

ఈ పొగ వచ్చే నేల సంగతి తెలియకుండా ఈ సమస్య అర్థం కాదు. ఇండొనేసియాలో, సుమత్రా ద్వీపంలోని రియావు, జంబి ప్రాంతాల్లో, బోర్నియో ద్వీపంలోని కాలిమంతాన్‌లో లక్షల హెక్టార్లలో పీట్ నేలలున్నాయి. నిలవ నీటిలో పడిన ఆకులు, కొమ్మలు, వేళ్లు కుళ్లిపోకుండా వేల ఏళ్లుగా పేరుకుంటూ వచ్చిన నల్లటి నేల అది. కొన్నిచోట్ల పది మీటర్లకు మించిన లోతు ఉంటుంది. నీళ్లలో మునిగి ఉన్నంతకాలం దానికి నిప్పు అంటదు. కాలువ తవ్వి నీళ్లు తోడేస్తే పై పొర ఎండి పొయ్యిలో వేసే పిడకలా తయారవుతుంది. కాగితం గుజ్జు కోసం అకేషియా, నూనె కోసం పామ్ చెట్లు పెంచాలంటే కాలువలు తవ్వక తప్పదు. పొదలు నరికించడం కంటే తగలబెట్టడం చౌక. ఇంత చౌక పనికి పెద్ద కంపెనీలు, మధ్యరకం భూమి దళారులు, రెండెకరాల రైతులు అందరూ దిగుతారు. ఒకరినొకరు చూపించుకుంటారు.

అందులో ప్రభుత్వాల పాపం తక్కువేం కాదు. 1990ల మధ్యలో ఇండొనేసియా అధ్యక్షుడు సుహార్తో ప్రభుత్వం మధ్య కాలిమంతాన్‌లో పది లక్షల హెక్టార్ల పీట్ అడవిని వరి పొలాలుగా మారుస్తామని వేల కిలోమీటర్ల కాలువలు తవ్వించింది. వరి పండలేదు. నేల మాత్రం ఎండిపోయింది. 1997లో ఎల్ నినో రాగానే అది తగలబడింది. ఆ పథకాన్ని 1999లో ఎత్తేశారు. కాలువలు మిగిలాయి.

పీట్ మంటను దగ్గరగా చూస్తే మామూలు అడవి మంటలా ఉండదు. జ్వాల ఉండదు. నేల పగుళ్లలోంచి తెల్లటి పొగ మాత్రం వస్తూ ఉంటుంది. నిలబడి ఉన్న చెట్టు హఠాత్తుగా పక్కకు ఒరుగుతుంది, కింద వేళ్లు కాలిపోయి ఉంటాయి. పైన నీళ్లు చల్లితే ఆరినట్టే కనిపించి, రెండు రోజుల తర్వాత పది అడుగుల అవతల మళ్లీ పొగ లేస్తుంది. ఆర్పేవాళ్లు గొట్టం మొనను నేలలోకి గుచ్చి, ఆ చోటంతా బురద అయ్యేదాకా నీళ్లు ఎక్కిస్తారు, తర్వాత ఇంకో అడుగు జరిగి మళ్లీ గుచ్చుతారు. ఆ చుట్టుపక్కల వాగులూ ఎండిపోయే కాలం కాబట్టి నీళ్లే దొరకవు. 2015 అక్టోబరులో సింగపూర్ పంపిన చినూక్ హెలికాప్టర్ దక్షిణ సుమత్రాలో నీటి తొట్టి వేలాడదీసుకుని మంటల మీద కుమ్మరించింది. సాయం సాయమే. భూమి లోపల రాజుకుంటున్న నిప్పుకు పైనుంచి పోసిన నీరు ఎంతవరకు దిగుతుంది? అక్టోబరు చివర్లో వానలు పట్టాకే ఆ ఏడాది మంటలు ఆరాయి. అప్పటికి ఇండొనేసియాలో 26 లక్షల హెక్టార్లు కాలిపోయాయి. ఆ దేశపు నష్టాన్ని ప్రపంచ బ్యాంకు 1,600 కోట్ల డాలర్లుగా లెక్క కట్టింది. హార్వర్డ్, కొలంబియా పరిశోధకులు ఆ పొగ వల్ల అకాల మరణాలు లక్ష దాకా ఉంటాయని, వాటిలో సుమారు 2,200 సింగపూర్‌వని అంచనా వేశారు. సంబంధిత ప్రభుత్వాలు ఆ లెక్కను ఒప్పుకోలేదు. అది నమూనాల మీద కట్టిన అంచనాయే కాబట్టి అంకెల మీద వాదించవచ్చు. రియావులో, కాలిమంతాన్‌లోని పాలంకరాయాలో తెరుచుకున్న చెక్క ఇళ్లలో నెలల తరబడి ఆ పొగ పీల్చిన పిల్లల గురించి వాదించడానికేముంది? ఈ కథలో అందరికంటే ఎక్కువ నష్టపోయింది వాళ్లే. సింగపూర్‌కు వచ్చేది గాలిలో పలచబడిన పొగ.

న్యాయం వైపు జరిగిందేమిటో చూద్దాం. 2002 జూన్‌లో ఆగ్నేయాసియా దేశాలు సరిహద్దులు దాటే పొగ మీద ఒప్పందం చేసుకున్నాయి. మంటలు లేచే ఇండొనేసియా దాన్ని ఆమోదించడానికి పన్నెండేళ్లు పట్టింది. మలేసియా పరిశోధకురాలు హెలెనా వర్కీ ఈ ఆలస్యానికి మూలాన్ని పామాయిల్ వ్యాపారానికీ రాజకీయ నాయకత్వానికీ మధ్య ఉన్న పోషక సంబంధాల్లో వెతికారు. ఈ విషయం మీద వచ్చిన రచనల్లో నాకు ఎక్కువ నమ్మదగినదిగా అనిపించేది ఆమె పనే. మంటకు కారణం రైతు అగ్గిపెట్టె అని చెప్పి ఊరుకోకుండా, ఆ భూమికి అనుమతి ఎవరిచ్చారని అడుగుతుంది కాబట్టి. సింగపూర్ 2014లో సొంతంగా ఒక చట్టం చేసింది. దేశం బయట నిప్పు పెట్టి ఇక్కడికి పొగ పంపిన కంపెనీకి రోజుకు లక్ష సింగపూర్ డాలర్లు, మొత్తం మీద ఇరవై లక్షల దాకా జరిమానా వేయవచ్చు. 2015లో ఆరు కంపెనీలకు నోటీసులు వెళ్లాయి. సూపర్‌మార్కెట్లు ఒక పెద్ద కాగితం కంపెనీ సరుకును అరల్లోంచి తీసేశాయి. కేసు కోర్టు దాకా వచ్చి జరిమానా పడటం మాత్రం జరగలేదు. సాక్ష్యం పరాయి నేల మీద ఉంది, ఏ భూమి ఎవరిదో చెప్పే పటాల మీదే తగాదాలున్నాయి. చట్టం ఉండటం మంచిదే. దానితో పొగ ఆగుతుందని నమ్మడానికి ఈ పదేళ్లలో ఆధారమేదీ దొరకలేదు.

ఇందులో మన పాత్ర కూడా ఉంది. ప్రపంచంలో పామాయిల్‌ను అందరికంటే ఎక్కువగా దిగుమతి చేసుకునేది భారతదేశం. ఆ నూనె కాకినాడ లాంటి రేవుల్లో దిగి, అక్కడి రిఫైనరీల్లో శుద్ధై మన పిండివంటల మూకుడులోకి వస్తుంది. గోదావరి జిల్లాల్లో రైతులు పెంచే ఆయిల్ పామ్ మామూలు నేలల్లోది, దానికీ ఈ పొగకూ సంబంధం లేదు. దిగుమతయ్యే నూనె ఏ నేలలోదో అడిగే హక్కు మాత్రం అంత పెద్ద కొనుగోలుదారుకు ఉంటుంది. ఇప్పటిదాకా మనం ధర ఒక్కటే అడిగాం.

రెండూ కలిసినప్పుడు

పొగ ఉన్న రోజుల్లో మధ్యతరగతి ఇల్లు ఏం చేస్తుందో ఇప్పుడు స్థిరపడిపోయింది. ఫోన్‌లో గంటగంటకూ సూచీ చూస్తారు. కిటికీలు బిగిస్తారు, తలుపు కింద తడిగుడ్డ పెడతారు, ఏసీ వేస్తారు, ప్యూరిఫయర్ పిల్లల గదిలో పెడతారు. ఆఫీసులు చల్లగా ఉంటాయి, మెట్రో చల్లగా ఉంటుంది, బడుల్లో 2015 తర్వాత ప్యూరిఫయర్లు సమకూర్చారు. పెద్దవాళ్ల కోసం కొన్ని కమ్యూనిటీ సెంటర్లు ఏసీ గదులు తెరుస్తాయి. బిల్లు పెరుగుతుంది, గొంతు గరగరలాడుతుంది, అంతకు మించి జరిగేది తక్కువ.

వలస కార్మికులు ఉండే డార్మిటరీల సంగతి వేరు. 2021లో వచ్చిన కొత్త ప్రమాణాల ప్రకారం కొత్తగా కట్టే డార్మిటరీల్లో గదికి పన్నెండు మందికి మించకూడదు, మనిషికి కనీసం 4.2 చదరపు మీటర్లు ఉండాలి. పాతవాటిని 2030 నాటికి కొంత సడలించిన ప్రమాణాలకు తేవాలి. కోవిడ్‌లో నేర్చుకున్న పాఠం కాబట్టి రోగం అంటకుండా గాలి బాగా ఆడటం మీద దృష్టి పెట్టారు. అది న్యాయమే. చాలా గదుల్లో చల్లదనానికి ఉన్నవి ఫ్యాన్లే. పన్నెండు మంది పడుకున్న గదిలో సెప్టెంబరు రాత్రి కిటికీలు మూస్తే ఊపిరాడదు. తీస్తే పొగ. తీసే పడుకుంటారు. ఎంత చెట్టుకు అంత గాలి అన్న మాట ఇక్కడ అక్షరాలా జరుగుతోంది.

పని చోట కూడా ఇదే పేచీ. పొగ గురించిన మార్గదర్శకాలు సూచీ పెరిగితే బరువు పనులు తగ్గించమని, ఎన్95 మాస్కు ఇవ్వమని చెబుతాయి. వేడి నిబంధనలు నీళ్లు తాగించమని, ఒంటికి గాలి తగలనివ్వమని చెబుతాయి. ముప్పై రెండు డబ్ల్యూబీజీటీలో ఇనుప కడ్డీలు మోస్తూ ఎన్95 పెట్టుకున్నవాడికి పది నిమిషాల్లో మాస్కు లోపల చెమట చేరి, గాలి లాగడం కష్టమవుతుంది. కిందికి జారుస్తాడు. సూపర్‌వైజర్ కేకేస్తే పైకి లాగుతాడు. పొగ ఎండను కొంత కప్పుతుంది గానీ ఉక్కను తగ్గించదు. ఈ రెండు నియమావళులనూ ఒకే కాగితం మీదికి తేవాలి. రెండు అంకెలూ కలిపి చూసి, ఒక స్థాయి దాటితే విశ్రాంతి సమయం రెట్టింపు కావాలి, ఆపై పని ఆగాలి. ప్రతి డార్మిటరీలో వడకట్టిన గాలి, చల్లదనం రెండూ ఉన్న ఒక పెద్ద హాలు ఉండాలి, పొగ రాత్రుల్లో అక్కడ చాపలు పరుచుకోనివ్వాలి. ఇది అసాధ్యమేం కాదు. కమ్యూనిటీ సెంటర్లలో వృద్ధుల కోసం చేసిన ఏర్పాటే డార్మిటరీ గేటు లోపల కూడా చేయమని అడగడం.

పొగ మొదలయ్యే చోట చేయాల్సింది ఇంకా ముఖ్యం. ఇండొనేసియా 2016లో పీట్ నేలల పునరుద్ధరణకు ఒక ప్రత్యేక సంస్థను పెట్టింది. అదే ఏడాది తెచ్చిన నిబంధన ప్రకారం తోటలున్న పీట్ నేలల్లో నీటిమట్టం పైనుంచి 40 సెంటీమీటర్ల కంటే కిందికి పోకూడదు. కాలువలకు అడ్డుకట్టలు వేశారు, మట్టం కొలిచే గొట్టాలు దింపారు. 2015లో 26 లక్షల హెక్టార్లు కాలితే, 2019లో 16 లక్షలకు పైగా, 2023లో సుమారు 11 లక్షలకు పైగా కాలాయి. తగ్గుదల కొంత ఆ కట్టల వల్ల, కొంత వానల వల్ల. ఏది ఎంతన్నది తేలాలంటే ఆ నీటిమట్టాల లెక్క ఏ తోటకు ఆ తోటగా, తోట యజమాని పేరుతో సహా బయటికి రావాలి. ఆ తోటలకు అప్పిచ్చే బ్యాంకుల్లో కొన్ని, వాటి నూనె అమ్మే కంపెనీల కార్యాలయాల్లో చాలా సింగపూర్‌లోనే ఉన్నాయి. కోర్టులో నిరూపించలేని నిప్పు గురించి నోటీసులు పంపడం కంటే, అప్పు ఇచ్చే ముందు నీటిమట్టం లెక్క చూపించమనడం ఈ దేశం చేతిలో ఉన్న పని. పీఎస్‌ఐ పొగ వచ్చాక పెరుగుతుంది. పీట్‌లో నీరు దానికి వారాల ముందే దిగిపోతుంది. జూన్, జూలైలోనే ఆ అంకె ఇక్కడి పత్రికల్లో వాతావరణం పక్కన రోజూ అచ్చయితే, డార్మిటరీ హాలు సిద్ధం చేయడానికీ, మాస్కులు తెప్పించడానికీ, రియావులో కాలువకు మరో కట్ట వేయించడానికీ వ్యవధి ఉంటుంది.